గడ్డి ఎండింది, చావలేదు

ప్రశ్న: మాది సైనిక్‌పురి. పాతికేళ్ల కిందట కట్టుకున్న ఇల్లు. ముందు 80 గజాల లాన్, గోడ పక్కన వేపచెట్టు, వెనక మామిడి. మాలి వారానికి రెండుసార్లు వస్తాడు. నెలకోసారి యూరియా చల్లుతాడు. పురుగు పట్టిందనిపిస్తే ఏవో గుళికలు తెచ్చి వేస్తాడు. రాలిన ఆకులు మూలకు ఊడ్చి కాల్చేస్తాడు. పోయిన నెల గుళికలు వేసిన మర్నాడు పొద్దున లాన్ మీద వానపాములు చచ్చి పడి ఉన్నాయి. పక్కనే ఒక గోరువంక కూడా. మా మనవడికి మూడేళ్లు, వట్టి కాళ్లతో అక్కడే ఆడుకుంటాడు. ఆ రోజు నుంచి నాకు ఒకటే టెన్షన్. మందులన్నీ ఆపేయమంటే "మేడమ్, మందు ఎయ్యకుంటే గడ్డి బత్కదు" అంటున్నాడు మాలి. లాన్ లేకపోతే ఇల్లు బోసిపోతుందంటారు మావారు. పొద్దునా సాయంత్రం పైపుతో నీళ్లు పడుతున్నా, వారానికో ట్యాంకర్ తెప్పిస్తున్నా గడ్డి మచ్చలు మచ్చలుగా ఎండిపోతోంది. లాన్ తీసేయమంటారా? మందుల్లేకుండా నిలబెట్టుకునే దారి ఉందా?
— ఒక అమ్మమ్మ, సైనిక్‌పురి

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఆ గోరువంకే కళ్లముందు మెదులుతోంది. గోరువంక లాన్ మీద ఊరికే వాలదు. నాలుగడుగులు వేస్తుంది, తల పక్కకు వంచి నేలను చూస్తుంది, ముక్కు గుచ్చి తెల్లటి పురుగును లాగి మింగుతుంది. మీ ఇంట్లో జీతం అడగకుండా పురుగులు ఏరిపెడుతున్న పిట్టనే పురుగుల మందు చంపింది. మీ భయంలో అతి ఏమీ లేదు. లాన్ మొత్తం తీసేయక్కర్లేదు. కానీ దాన్ని చూసుకునే పద్ధతి మారాలి, సైజు కూడా తగ్గాలి.

అన్నిటికన్నా ముందు ఆ గుళికల సంగతి చూడండి. మిగిలిన ప్యాకెట్ ఎక్కడున్నా బయటికి తీసి పేరు చదవండి. మన దేశంలో అమ్మే ప్రతి పురుగుమందు ప్యాకెట్ మీదా రంగు గుర్తు ఉంటుంది. ఎరుపైతే అన్నిటికన్నా ఎక్కువ విషం. ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా తగ్గుతూ వస్తాయి. ఫోరేట్ గుళికలైతే అసలు ఇంట్లో ఉండకూడని వస్తువు. పెరళ్లలో, పొలాల్లో ఏళ్ల తరబడి చల్లిన ఈ మందు నరాల మీద పనిచేస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన ఉత్తర్వుతో 2020 డిసెంబరు 31 నుంచి దాని అమ్మకం, వాడకం నిషేధం. పేరే లేకుండా పొట్లం కట్టి ఇచ్చిన గుళికలైతే ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఏదైనా జరిగితే డాక్టరుకు చూపించడానికి పేరు కూడా ఉండదు. వాటిని మోరీలో పోయకండి, మట్టిలో పూడ్చకండి. పొట్లంతో సహా గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి, పైన "విషం" అని పెద్దక్షరాలతో రాసి, చెత్తబండి వాళ్లకు విషయం చెప్పి విడిగా అప్పగించండి.

గుళికలు వేసిన చోట ఈ వానాకాలం గడిచేదాకా బాబును వట్టి కాళ్లతో తిరగనివ్వకండి. ఆ మట్టిలో ఆకుకూరలు కూడా వేయకండి. ఎప్పుడైనా పిల్లవాడికి ఉన్నట్టుండి సొంగ కారడం, చెమటలు, వాంతులు మొదలై, కంటిపాపలు బాగా చిన్నవైనట్టు కనిపిస్తే ఇంటి చిట్కాలతో కాలం గడపొద్దు. ఆ ప్యాకెట్ చేతిలో పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఇక గడ్డి. ఇప్పుడు నడుస్తున్నది రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలని మన పెద్దలు చెప్పింది ఈ పదిహేను రోజుల గురించే. ఇలాంటి ఎండలో గడ్డి పచ్చగా ఉండాలనుకోవడం దగ్గరే మన తిప్పలన్నీ మొదలవుతున్నాయి. వినాయక చవితికి పూజలో పెట్టే గరికనే తీసుకోండి. మేలో దాని పైభాగం గడ్డిపరకలా ఎండిపోతుంది. నేలలో దాని దుంపవేరు మాత్రం బతికే ఉంటుంది. మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడగానే వారం పది రోజుల్లో మళ్లీ చిగురేస్తుంది. రోడ్డు పక్కన, ఖాళీ ప్లాట్లలో దానికి ఎవరూ ట్యాంకర్ తెప్పించలేదు కదా. నర్సరీల్లో మెక్సికన్ గ్రాస్, కొరియన్ గ్రాస్ అని అమ్మేవి గరికంత మొండివి కావు. అవి కూడా కాస్త తడి అందితే ఎండాకాలం గట్టెక్కుతాయి. ఎండిన గడ్డిని చూసి చచ్చిందనుకుని మనం యూరియా చల్లుతాం. నిద్రపోయే మొక్కను కొట్టి లేపినట్టు అవుతుంది. లేత ఆకు తోసుకొస్తుంది, దానికి ఇంకా ఎక్కువ నీళ్లు కావాలి, ఆ లేతదనానికే పురుగు వస్తుంది, పురుగుకు గుళికలు వస్తాయి. మీ ఇంట్లో జరుగుతున్నది ఇదేనని నాకు అనిపిస్తోంది.

అయితే మీరు చెప్పిన మచ్చలన్నీ ఎండ వల్లే అని కూర్చోకూడదు. ఒక చిన్న పరీక్ష చేయండి. ఎండిన మచ్చ అంచున గడ్డిని గుప్పిట పట్టి పైకి లాగండి. గట్టిగా పట్టుకుని ఉంటే అది దాహమో, నేల బిగుసుకుపోవడమో, లేదా కుక్క ఒకేచోట మూత్రం పోయడమో. చాప లేచినట్టు గడ్డి మొత్తం చేతిలోకి వచ్చేస్తే కింద వేరుపురుగు ఉంది. తెల్లగా, లావుగా, గోధుమరంగు తలతో, చంద్రవంకలా ముడుచుకుని ఉంటుంది. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పున నాలుగు అంగుళాల లోతు తవ్వి లెక్కపెట్టండి. నాలుగైదు కనిపిస్తే వదిలేయండి, గోరువంకలు చూసుకుంటాయి. పది దాటితేనే మనం చేయి చేసుకోవాలి.

ఈ పురుగు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే మందు అవసరమే సగం పోతుంది. తొలకరి వాన పడిన సాయంత్రం, చీకటి పడే వేళ, ముదురు గోధుమరంగు పెంకుపురుగులు నేలలోంచి బయటికి వచ్చి వేపచెట్టు మీద గుంపుగా వాలతాయి. ఆకు తిని, జతకట్టి, తెల్లారేలోపు దిగి మట్టిలో గుడ్లు పెడతాయి. ఆ గుడ్లలోంచి వచ్చేదే మీ లాన్ కింది వేరుపురుగు. మీ వేపచెట్టు లాన్ పక్కనే ఉంది. కాబట్టి మొదటి రెండు మూడు వానల రోజుల్లో రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో చెట్టు కింద పాత దుప్పటి పరిచి, అందే కొమ్మలు కర్రతో దులపండి. టపటపా రాలతాయి. వాటిని సబ్బునీళ్ల బకెట్‌లో వేసేయండి. పల్లీ, చెరకు పండించే రైతులు ఊరంతా కలిసి చేసే పనే ఇది. ఆ వారం రోజులు గేటు లైటు, లాన్ లైటు ఆపేయండి, వెలుతురుకు కూడా వస్తాయవి. అప్పటికే నేలలో పురుగు ఎక్కువగా ఉంటే మెటారైజియం అనే శిలీంధ్రం పొడి దొరుకుతుంది. అది వేరుపురుగుకు జబ్బు తెప్పించి చంపుతుంది. బాగా మాగిన ఎరువులో ప్యాకెట్ మీద రాసిన మోతాదు ప్రకారం కలిపి, జూన్, జులైలో నేల తడిగా ఉన్నప్పుడు సాయంత్రం పూట చల్లాలి. ఎండలో చల్లితే ఆ శిలీంధ్రమే చచ్చిపోతుంది. మొక్కల రక్షణ మీద పనిచేసే జాతీయ సంస్థ, వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండూ రాజేంద్రనగర్‌లోనే ఉన్నాయి. పురుగును చిన్న సీసాలో వేసుకుని వెళ్లి చూపించుకోవచ్చు.

ఇక్కడ నేను చేసిన తప్పొకటి చెప్పాలి. రసాయనాలు మానేసిన మొదటి ఏడాది, సేంద్రియం అంటే పేడే కదా అని రెండు తట్టల పచ్చిపేడ తెప్పించి పెరటి నిండా పరిచాను. రెండు నెలలకు బంతి మొక్కలు ఒక్కొక్కటే వాలిపోయాయి. పీకి చూస్తే ప్రతి మొక్క వేరు దగ్గరా రెండు మూడు పురుగులు. పచ్చిపేడ, సగం మాగిన పెంట ఈ పురుగులకు పురిటిల్లు లాంటివి. పశువుల ఎరువు తెచ్చుకుంటే నల్లగా, పొడిపొడిగా, పేడ వాసన పోయి మట్టివాసన రావాలి. చేత్తో నలిపితే గడ్డిపోచ ఆనవాలు తగలకూడదు. అమ్మేవాళ్లు మాగిందనే చెబుతారు. మీరు సంచి విప్పి చూసుకుని, చేత్తో నలిపి తీసుకోండి.

ఇప్పుడు నీళ్ల లెక్క వేద్దాం. మీరు పట్టే పైపు కింద 20 లీటర్ల బకెట్ పెట్టి ఫోన్‌లో టైం చూడండి. 75 సెకన్లకు నిండిందనుకోండి, నిమిషానికి 16 లీటర్లు. పొద్దున 20 నిమిషాలు, సాయంత్రం 20 నిమిషాలు పడితే రోజుకు 640 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్ ఎనిమిది రోజులకు ఖాళీ. మీ వారానికో ట్యాంకర్ లెక్క ఇక్కడే తేలింది. ఇంతా పోస్తే ఆ నీళ్లు రెండంగుళాల లోతు కూడా దిగవు. రోజూ పైపైన తడిపితే గడ్డి వేరు పైపైనే తిరుగుతుంది. ఒక్కరోజు నీళ్లు ఆగితే వాడిపోతుంది. మనకు నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి అంతకంటే దూరం, పంపులతో ఎక్కించుకుంటూ వస్తున్నాయి. వాటిని ఎండకు ఆవిరి చేయడం నాకు మనసొప్పదు.

ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే ఒక లీటరు. ఎండాకాలంలో ఐదు రోజులకోసారి 20 మిల్లీమీటర్లు పడితే గడ్డికి చాలు. లాన్ మధ్యలో నిటారు అంచుల స్టీలు డబ్బా ఒకటి పెట్టి నీళ్లు చిమ్మండి. డబ్బాలో రెండు సెంటీమీటర్లు నిలిచాక ఆపేయండి. మర్నాడు పొడవాటి స్క్రూడ్రైవర్ నేలలో గుచ్చితే సులువుగా ఐదారు అంగుళాలు దిగాలి. దిగకపోతే మీ ఎర్రమట్టి బిగుసుకుపోయిందని అర్థం. జానెడుకొకటి చొప్పున ఇనుప ఊచతో నాలుగంగుళాల లోతు రంధ్రాలు పొడిపించి, చివికిన ఎరువు, ఇసుక కలిపి ఊడ్చి నింపండి. నీళ్లు తెల్లవారుజామున పట్టండి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే బూజుతెగుళ్లు వస్తాయి. ఏసీ పైపులోంచి కారే నీళ్లు మొక్కలకు నిశ్చింతగా పోయొచ్చు. వాటర్ ఫిల్టర్ వదిలేసే నీళ్లు మాత్రం రోజూ ఒకేచోట పోయకండి, అందులో ఉప్పు ఎక్కువ. ఇల్లు తుడవడానికి, బాత్‌రూం కడగడానికి వాడుకోండి.

80 గజాల లాన్ హైదరాబాదుకు ఎక్కువ అని నేను గట్టిగా నమ్ముతాను. మీవారి గురించి, మనవడి గురించి రాశారు కదా, వాళ్లిద్దరూ నిజంగా వాడే చోటు ఎంత? కుర్చీ వేసుకుని పేపరు చదివే చోటు, బాబు బంతి ఆడే చోటు కలిపినా 30 గజాలు దాటదు. అంతవరకే లాన్ ఉంచండి. 30 గజాలంటే 25 చదరపు మీటర్లు. ఐదు రోజులకోసారి 500 లీటర్లు. ఇప్పుడు అదే ఐదు రోజుల్లో మీరు 3,200 లీటర్లు పోస్తున్నారు. ఆ 30 గజాలు ఎంచేటప్పుడు వేపచెట్టు నీడ వదిలేయండి. నీడలో గడ్డి పెరగదు. పెరగని చోట పెంచాలని చూస్తేనే మందులకు పని పడుతుంది. చెట్టు కింద ఆకులు పరిచి, నడవడానికి షాబాద్ బండలు సందులు వదిలి వేయించండి. సందుల్లో సిమెంటు పోయనివ్వకండి, వాన ఇంకాలి.

ఆ 30 గజాలకు తిండి ఏమిటంటారా? మొదటిది, కోసిన గడ్డి ముక్కలు ఎత్తి పారేయకుండా అక్కడే వదిలేయడం. అవి సన్నగా ఉంటే రెండు మూడు రోజుల్లో నేలలో కలిసిపోతాయి. గడ్డి తీసుకున్న నత్రజని తిరిగి గడ్డికే అందుతుంది. ముక్కలు సన్నగా ఉండాలంటే బోడిగుండు కొట్టినట్టు కోయకూడదు. ఉన్న ఎత్తులో మూడో వంతుకు మించి ఒక్కసారి కత్తిరించవద్దని మాలికి చెప్పండి. ఎండాకాలంలో రెండంగుళాల ఎత్తు ఉంచండి, ఆ నీడే నేలలో తడిని కాపాడుతుంది. మిషను బ్లేడు మొద్దుబారితే గడ్డి చివర చీలికలై తెల్లబడుతుంది. దాన్ని చూసి కూడా తెగులనుకుంటారు చాలామంది. రెండోది, వానలు మొదలయ్యాక ఒకసారి, అక్టోబరులో ఒకసారి, జల్లెడ పట్టిన కంపోస్టు అర సెంటీమీటరు మందాన చల్లి చీపురుతో గడ్డి మొదళ్లలోకి ఊడ్చడం. 30 గజాలకు ఆరు బకెట్లు సరిపోతుంది. గజానికో గుప్పెడు వేపపిండి కలిపితే ఇంకా మంచిది. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. గడ్డి తాగగలిగినంత తాగి, మిగిలింది నేలలోకి దిగి బోరునీళ్లలో నైట్రేట్ అవుతుంది. లేదా మొదటి పెద్ద వానకు మోరీల వెంట చెరువుకు చేరుతుంది. మన చెరువుల మీద గుర్రపుడెక్క అంత బలంగా పెరగడంలో మురుగునీటితో పాటు ఇలాంటి ఎరువులకు కూడా పాత్ర ఉంది.

ఆ కంపోస్టు మీ ఇంట్లోనే తగలబడుతోందమ్మా. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఆ మూలన పెట్టే మంట. వేపాకు, మామిడాకు కాలిన పొగ మొదట వెళ్లేది మీ మనవడి ఊపిరితిత్తుల్లోకి, మాలి ఊపిరితిత్తుల్లోకి. ఆకులు కాల్చి మార్కెట్లో ఎరువు కొనుక్కోవడం ఏం లెక్క చెప్పండి? మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున కోళ్లగూటికి వాడే ఇనుప జాలీని గుండ్రంగా చుట్టి వెనక మామిడి కింద నిలబెట్టండి. అడుగున ఎండుపుల్లలు వేయండి, గాలి ఆడుతుంది. దాని మీద జానెడు మందం ఎండాకు, దాని మీద వంటింటి తొక్కలు, మళ్లీ ఎండాకు. వంటింటి చెత్త ఒక పాలైతే ఎండాకు రెండు మూడు పాళ్లు ఉండాలి. నాలుగు పొరలకోసారి పుల్లమజ్జిగ నీళ్లలో కలిపి చిలకరించండి. తడి ఎంత ఉండాలంటే, గుప్పిట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, కారకూడదు. అయిదారు రోజులకు మధ్యలోకి చేయి పెట్టి చూడండి. అప్పుడే దించిన అన్నం గిన్నెను తాకినట్టు వేడి తగులుతుంది. ఆ వేడి తగిలిందంటే లోపల పని జరుగుతోంది. పది రోజులకోసారి తిరగేయాలి. వాసన వస్తే ఎండాకు తక్కువైంది. వేడే పుట్టకపోతే తడి తక్కువైంది. వేపాకు మూడు నాలుగు నెలల్లో మాగుతుంది. మామిడాకు మందం, దాన్ని ముందు గడ్డి మిషనుతో తొక్కిస్తే త్వరగా చివుకుతుంది. వేప ఫిబ్రవరి, మార్చిలో ఒక్కసారిగా ఆకు రాల్చేటప్పుడు రెండు మూడు గోనెసంచులు నింపి పక్కన పెట్టుకుంటే ఏడాదంతా కొరత ఉండదు.

కలుపు గురించి మీరు అడగలేదు కానీ వానలు పడగానే మాలి అడుగుతాడు. వయ్యారిభామ పూతకు రాకముందే తడినేలలో వేరుతో పీకించండి, చేతులకు తొడుగులు ఉండాలి, చాలామందికి దాంతో దురద వస్తుంది. తుంగ పైన తెంపితే లాభం లేదు. కింద నల్లటి గడ్డ ఉంటుంది, దాన్ని పెకలించాలి, రెండు మూడు వానాకాలాలు విడవకుండా తీయాలి. కలుపును చంపే గ్లైఫోసేట్ లాంటి గడ్డిమందు కొట్టేద్దామంటే ఒప్పుకోకండి. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది.

మందారకు పిండినల్లి పడితే ముందు పైపు నీళ్లతో గట్టిగా కడిగేయండి. అప్పటికీ పోకపోతే లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల గిన్నెలు కడిగే సబ్బు కలిపి సాయంత్రం కొట్టండి. కొట్టేముందు ఒక్కసారి దగ్గరికెళ్లి చూడండి. తెల్లటి దూదిపింజల మధ్య అలాంటిదే తెల్లగా, పెద్దగా, చకచకా నడుస్తున్నది కనిపిస్తే చేయి ఆపేయండి. పిండినల్లి అంత చురుగ్గా కదలదు. అది ఒక రకం అక్షింతల పురుగు పిల్ల, పిండినల్లిని తినడానికే వచ్చింది. వారం ఆగితే మీ పని అదే చేసిపెడుతుంది.

మాలితో ఎలా మాట్లాడాలన్నది అసలు కష్టం. మన భాషలో రోగం తగ్గించేదీ మందే, పురుగును చంపేదీ మందే. అందుకే మందు వద్దంటే మొక్కకు వైద్యం ఆపేస్తున్నారని ఆయనకు అనిపిస్తుంది. పైగా గడ్డి ఎండితే మాట పడేది ఆయనే. ఆ భయం తీసేయాల్సింది మీరు. "ఈ ఎండాకాలం గడ్డి ఎండితే నేను నిన్ను ఒక్క మాట అనను" అని మీవారి ముందే చెప్పండి. యూరియాకు, గుళికలకు, ట్యాంకర్లకు అయ్యే డబ్బు కొంత మిగులుతుంది కదా, అందులోంచి ఆయన జీతం పెంచండి. ఎందుకంటే కంపోస్టు తిరగేయడం, చేత్తో కలుపు తీయడం, పెంకుపురుగులు దులపడం గుళికలు చల్లడం కన్నా ఎక్కువ పని. ఆ గుళికలు ఇన్నాళ్లూ ఆయన వట్టి చేతులతోనే చల్లి ఉంటాడు. ఆ విషం మీ మనవడి కన్నా ముందు, ఎక్కువగా తగిలింది ఆయనకే. ఒకసారి డాక్టరుకు చూపించుకోమని మీరే చెప్పండి.

మీవారి మాట కూడా తీసేయదగ్గది కాదు. ఇంటి ముందు పచ్చదనం లేకపోతే నిజంగానే బోసిగా ఉంటుంది. కానీ పచ్చదనమంటే గడ్డి ఒక్కటే కాదు. మిగిలే 50 గజాల్లో ఇప్పుడే నీళ్లు ఆపేయండి. తొలకరికి ముందు టేపు పీకేసిన అట్టపెట్టెలు పరిచి, తడిపి, పైన అరడుగు మందం ఎండాకు వేయండి. అంచుల్లో గరిక తలెత్తితే చేత్తో తీసేయండి. జులైకి అట్ట మెత్తబడుతుంది, దాన్ని చీల్చి మొక్కలు పెట్టుకోవచ్చు. గోడ వెంట నందివర్ధనం, గోరింట, మందార, కరివేపాకు వేయండి. ఒకసారి వేరు పట్టుకుంటే వీటికి ట్యాంకర్ పని లేదు. కరివేపాకు మీద పిట్టరెట్టలాంటి గొంగళిపురుగు కనిపిస్తే నాలుగు రెమ్మలు దానికి వదిలేయండి, నల్లటి పెద్ద సీతాకోకచిలుక అవుతుంది. బాబుకు చూపించండి. మొక్కల మధ్య రెండు మట్టికుండలు మెడదాకా పాతి, నీళ్లు నింపి, మూత పెడితే చుట్టూ ఉన్న వేర్లు కావలసినంత పీల్చుకుంటాయి. మూత మాత్రం తప్పనిసరి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

గేటు దగ్గర ఎండ బాగా పడే చోటు తంగేడుకు వదలండి. మన రాష్ట్ర పుష్పం అది. దసరా ముందు మార్కెట్లో కొనుక్కునే తంగేడు మీ గోడ పక్కనే పూస్తుంటే మీవారికి కూడా బోసితనం గుర్తుకు రాదు. లేత పసుపు సీతాకోకచిలుకలు దాని ఆకుల మీదే గుడ్లు పెడతాయి. దాని తల్లివేరు లోతుగా దిగుతుంది కాబట్టి మొక్క పీకి నాటితే సరిగ్గా బతకదు. విత్తనమే వేయండి. గింజ పైపొర గట్టిది. వేడినీళ్లు పోసి రాత్రంతా నాననిచ్చి, మర్నాడు మంచి వాన పడ్డ నేలలో అర అంగుళం లోతున పెట్టండి. దాని పక్కన గునుగు, బంతి విత్తనాలు మట్టిలో కలిపి చల్లేయండి. తంగేడు పూతకు ఒక ఏడాది ఆగాలి. గునుగు, బంతి జూన్‌లో చల్లితే ఈసారి బతుకమ్మకే అందుతాయి.